పాప తెల్లజుట్టు

అరవై ఆరేళ్లొచ్చినా ఆవిడ పేరు పాపే. వాళ్లమ్మ అలా పిలిచీ పిలిచీ ఇరుగుపొరుగు కూడా అదే ఖాయం చేశారు. కాకపోతే వయసుకు మర్యాదగా ‘గారు’ తగిలించారు. లైబ్రరీలో ముప్పై రెండేళ్లు పుస్తకాలకు ముద్రలు కొట్టి రిటైరైన మనిషిని కూరగాయలవాడు “పాపగారూ!” అని కేకేస్తే, వీధికి కొత్తగా వచ్చినవాళ్లు ఉయ్యాల ఎక్కడుందా అని చూసేవాళ్లు. ఆవిడ మాత్రం తొణక్కుండా సంచీ పట్టుకుని వెళ్లేది.

ఆ పాప ఆరేళ్లుగా తల్లికి ఒక అబద్ధం చెబుతోంది.

తల్లికి ఎనభై తొమ్మిది. రెండు కళ్లకూ శుక్లాలు ముదిరిపోయాయి. మనిషి ఆకారం తప్ప మొహం ఆనదు. ఆపరేషన్ అంటే మాత్రం ఆమడ దూరం పారిపోయేది. వారానికోసారైనా, అన్నం తింటూనో మాత్ర మింగుతూనో, ఉన్నట్టుండి అడిగేది.

“పాపా, నీ జుట్టు నెరిసిందా?”

“ఒక్కటంటే ఒక్క తెల్లవెంట్రుక లేదమ్మా. కాటుకలా ఉంది.”

“ఓహో,” అని తల్లి ఊరుకునేది. ఆ ఓహోను పాప ఊరట అనుకునేది. నిజానికి ఆ తలలో నల్లవెంట్రుక కావాలంటే దివిటీ పెట్టి వెతకాలి. తల్లికి కనబడదు కదా అని పాప కూడా దాన్ని దాని మానాన వదిలేసింది.

అలాంటిది, ఓ పొద్దున తల్లి తనంతట తానే అంది. “ఆ ఆపరేషనేదో చేయించేసెయ్. పోయేలోగా నీ మొహం ఒక్కసారి సరిగ్గా చూడాలి.”

పాప చెయ్యి తన తలమీదికి పోయింది. కళ్లొచ్చాక అమ్మ మొట్టమొదట చూసేది తల ముగ్గుబుట్టైన ఒక ముసలిదాన్నా? కాకిపిల్ల కాకికి ముద్దే గానీ, పిల్ల తెల్లకాకై కూర్చుంటే? కడుపున పుట్టినదే పండిపోయిందని తెలిస్తే ఆ ప్రాణం తట్టుకుంటుందా? పైగా ఆరేళ్ల అబద్ధం బయటపడుతుంది. ఆరు నూరైనా సరే, కట్టు విప్పేనాటికి తల నల్లగా ఉండాలనుకుంది.

ముందు ఇంట్లోనే మొదలుపెట్టింది. రంగు పొట్లం మీది అక్షరాలు మూడుసార్లు చదివింది, లైబ్రరీ బుద్ధి ఎక్కడికి పోతుంది? అయితే తలకు ఏం పట్టించాలన్నా ముందు నూనె పెట్టాలని చిన్నప్పటి పాఠం. శుభ్రంగా మాడు తడిసేలా నూనె పెట్టి, దాని మీద రంగేసింది. గంట తర్వాత చూస్తే చెవులు నల్లబడ్డాయి, మెడ నల్లబడింది, వాష్‌బేసిన్ నల్లబడింది, కొత్త తువ్వాలు నల్లబడింది. జుట్టు మాత్రం లేత వంకాయరంగు తిరిగి ఊరుకుంది. పాపకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

గురువారం పొద్దున తల్లి కుడికంటికి ఆపరేషన్ చేశారు. రేపు పదింటికి కట్టు విప్పుతామన్నారు. తల్లి మందు మత్తులో నిద్రపోతుంటే, పాప రోడ్డు దాటి ఎదురుగా ఉన్న పార్లర్లోకి జొరబడింది.

పార్లర్ నడిపే ఆవిడ ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉంది. గోళ్ల అంచుల్లో నలుపు శాశ్వతంగా ఉండిపోయింది. పాప జుట్టులోంచి పాయ ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపి చూసింది.

“నూనె పెట్టి రంగేశారు కదూ?”

పాప దొంగలా తలొంచుకుంది.

“నూనె మీద రంగెక్కదమ్మా. అందులోనూ ఇది మొండి తెలుపు. తెల్లవెంట్రుక ముసలివాళ్లలాంటిది, కొత్తవాళ్లకి ఓ పట్టాన తలుపు తియ్యదు. ముందు మెత్తబరచాలి.”

రెండుసార్లు తలంటి, ఆ వంకాయరంగు వదిలించి, ఆరబెట్టి, వెంట్రుక మెత్తబడేందుకు రంగు కలపని ఉత్త డెవలపర్ మందు పూసి పది నిమిషాలుంచింది. ఆ తర్వాత కణతల దగ్గర మొదలుపెట్టి, పాయ పాయా విడదీసి, చిక్కటి రంగు బ్రష్‌తో పట్టించింది. ముప్పావుగంట కుర్చీలో కూర్చోబెట్టి కడిగింది. వెనకంతా నల్లగా నిగనిగలాడింది. రెండు కణతల మీదా, ముందు పాపిట దగ్గరా మాత్రం రెండు వేళ్ల మందాన తెలుపు చెక్కు చెదరలేదు. అంతవరకే మళ్లీ వేసింది. మళ్లీ కడిగింది. ఇప్పుడే ఉతికి ఆరేసినట్టు అదింకా మెరిసిపోతోంది.

పార్లర్ ఆవిడ బ్రష్ పక్కన పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుని, ఆ తెలుపుకేసి అలా చూస్తూ ఉండిపోయింది.

“ఎన్ని వేల తలలు చూశానో. ఇలాంటి జుట్టు చూళ్లేదమ్మా. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు, నిజమే. దణ్ణం పెట్టాలనిపిస్తోంది దీనికి.”

“దణ్ణం తర్వాత పెడుదువు గానీ, ఇంకోసారి వెయ్యమ్మా. రేపు మా అమ్మ నన్ను చూస్తుంది.”

“మాడు కాలిపోతుంది. నేను వెయ్యను,” అని ఆవిడ కచ్చితంగా చెప్పేసింది.

మర్నాడు పది గంటలకు పాప కనుబొమల దాకా స్కార్ఫ్ చుట్టుకుని తల్లి మంచం పక్కన నిలబడింది. నర్సు టేపు మెల్లగా ఊడదీసింది. కుర్రడాక్టరు దూదితో రెప్ప తుడిచి, “తెరవండమ్మా,” అన్నాడు.

తల్లి కన్ను తెరిచింది. ఎదురుగా గోడ ఉంది. దాన్నే చూస్తోంది.

“ఇదా తెలుపంటే?” అంది మెల్లగా. “ఇన్నాళ్లూ అన్నిటిమీదా టీ నీళ్లు పోసినట్టుండేదే!”

దుప్పటి చూసింది. డాక్టరు జేబులోని పెన్ను చూసి, “అబ్బ, ఏం నీలం!” అంది. కుళాయి మూతికి వేలాడుతున్న నీటిచుక్క రాలిపోయేదాకా రెప్ప వెయ్యలేదు. నర్సూ డాక్టరూ ఆ చూపు వెంబడే తిరిగారు. పాప కూడా తన భయం మరిచిపోయి ఆ గోడకేసి చూసింది. గోడ నిజంగానే ఎంతో తెల్లగా ఉంది.

అప్పుడు తల్లి ఇటు తిరిగింది. “ఆ గుడ్డ తియ్యవే.”

“జలుబు చేసిందమ్మా.”

“తియ్యి.”

పాప తీసింది. కళ్లు గట్టిగా మూసుకుంది. “అమ్మా, నీకు అబద్ధం చెప్పాను...”

సన్నటి వేళ్లు వచ్చి కణత మీద ఆగాయి. చాలాసేపు అక్కడే ఉన్నాయి.

“నెరిసింది,” అంది తల్లి. “నా పాప తల నెరిసింది!”

పాప కళ్లు తెరిచి చూసేసరికి, ఆ ముడతల మొహం నిండా నీళ్లు, నవ్వు.

“నీకు ఏడేళ్లప్పుడు గుండెలో చిల్లు ఉందన్నారే. పదేళ్లు దాటితే గొప్పన్నాడు పెద్ద డాక్టరు. తర్వాత అదే మూసుకుపోయిందన్నారు గానీ, నాకు నమ్మకం కుదర్లేదు. రోజూ నీకు జడ వేస్తూ అనుకునేదాన్ని, ఈ జుట్టు తెల్లబడేదాకా ఈ పిల్ల ఉంటే చాలని.”

“నాకెప్పుడూ చెప్పలేదేం?” చిన్నప్పుడు తనను పరిగెత్తనివ్వలేదనీ, మెట్లెక్కనివ్వలేదనీ పాపకు గుర్తే. ఎందుకో మాత్రం ఇవాళే తెలిసింది.

“నోటితో అంటే నిజమైపోతుందేమోనని. కళ్లు పోయాక అడుగుతూనే ఉన్నా, నువ్వేమో లేదు లేదంటావు. ఆ భాగ్యం నాకు లేదేమో అనుకున్నా. కన్నబిడ్డ ముసలిదవడం ఎంతమంది తల్లులు చూశారే?”

రెండు రోజులుగా తను తిట్టిపోసిన ఆ తెల్లటి పాయలను తల్లి ఒక్కొక్కటే ఎత్తి వెలుతురుకు పట్టి చూస్తోంది. అరవై ఆరేళ్లు బతకడం ఎంత పెద్ద సంగతో పాపకు మొదటిసారి తెలిసివచ్చింది.

“వెనకంతా నల్లగా ఉందేం?”

“రంగేయించానమ్మా.”

“కడిగెయ్.”

“కడిగితే పోదు. కింద నుంచి కొత్తది పెరగాలి, నెలకి అరంగుళం.”

“తలంతా తెల్లబడాలంటే?”

పాప భుజాల మీది జుట్టు చూసుకుని లెక్క కట్టింది. “రెండేళ్లు పడుతుందమ్మా.”

తల్లి డాక్టరుకేసి తిరిగింది.

“రెండో కన్ను కూడా త్వరగా చేసెయ్ బాబూ. ఇంకో రెండేళ్లు నాకు పనుంది.”