నవ్వు బొమ్మ పెట్టి అడిగిన మాట

వర్ష ఫోన్ చేసి క్షమించమని అడిగింది. అంతకన్నా నాలుగు తిట్లు తిట్టినా మధుకు హాయిగా ఉండేది.

"అన్నా, నీ మీద ఉత్తగనే అనుమానపడ్డ. ఏమనుకోకు," అంది ఆ అమ్మాయి. "కార్డు బాగైంది. మా గద్వాలలనే సాంసన్ అన్న దగ్గరికి తీస్కపోయిన. ఇది మైనింగ్ కార్డా అని మొఖం మీదనే అడిగిన. కాదు, కరెంటు ఎక్కువ తక్కువైతుంది, దుమ్ము పట్టింది, అమ్మినాయన తప్పేం లేదు అన్నడు."

"అట్లనా," అన్నాడు మధు.

వనపర్తి బస్టాండు దగ్గర మధు కంప్యూటర్ దుకాణం పెట్టి పదకొండేళ్ళయింది. వర్ష గద్వాల నేతగాళ్ళ ఇంటి పిల్ల. నాన్న బాలకిష్టయ్య మగ్గం మీద కూర్చుంటే, పక్క గదిలో తను కంప్యూటర్ ముందు కూర్చుని ఆటలు ఆడుతుంది. నవ్వకండి, పోటీల్లో గెలిచిన డబ్బుతోనే ఆ ఇంటికి ఫ్రిజ్ వచ్చింది. వచ్చే నెల హైదరాబాదులో పెద్ద పోటీ ఉంది. ఆ ఆటల్లో బొమ్మ ఆగకుండా కదలాలంటే కంప్యూటర్లో మంచి గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. మంచిదంటే ఓ మోటార్ సైకిల్ ధర పలుకుతుంది. వర్షకు ఆ కార్డు అమ్మింది మధే.

అది మైనింగ్ కార్డే. డిజిటల్ నాణేలు పుట్టించే వాళ్ళు రాత్రీ పగలూ ఆపకుండా నడిపి, ప్రాణం పోయే ముందు అమ్మేసే సరుకు. తుడిచి డబ్బాలో పెడితే కొత్తదానికీ దానికీ తేడా తెలియదు. మొన్న ఎండాకాలంలో ఓ ఏజెంటు అలాంటివి మూడు చవకగా తెచ్చి ఇచ్చాడు. డబ్బా మూత మీద టేపు రెండు వరుసలు ఉంది, ఒకసారి విప్పి మళ్ళీ అతికించినట్టు. మధు దాన్ని చూశాడు, చూడనట్టు పక్కకు తిప్పి పెట్టాడు. ఏజెంటును ఒక్క మాట అడిగితే బయటపడేది. అందుకే అడగలేదు. నిజం తెలియకుండా ఉండడానికి మనిషి ఎంత కష్టపడగలడో అంత కష్టపడ్డాడు.

కానీ ఇప్పుడు ఆయనకు మింగుడు పడనిది కార్డు సంగతి కాదు. తప్పు లేదని చెప్పినవాడు సాంసన్ కావడం.

రెండేళ్ళ కింద సాంసన్ కూడా వనపర్తిలోనే, అదే వీధిలో దుకాణం తెరిచాడు. తిమ్మాజిపేట దిక్కు కుర్రాడు. అమ్మానాన్నలు వలసపోయి మట్టి పనులు చేస్తే, వాడు సికింద్రాబాదులో ఏడేళ్ళు రిపేరు పని నేర్చుకున్నాడు. ఈ కార్డులు చేసేవి ముఖ్యంగా రెండు పెద్ద కంపెనీలు. కుర్రాళ్ళు డబ్బా రంగులు చూసి పచ్చోడు, ఎర్రోడు అంటారు. ఎర్రోడు కొత్త కార్డు దింపితే పచ్చోడు పాత కార్డు ధర కోస్తాడు. వాళ్ళిద్దరూ బాగానే ఉంటారు. మధ్యలో నలిగేది పాత ధరకు సరుకు కొని పెట్టుకున్న దుకాణం వాడు. ఆ ఏడు మధు పచ్చోడి కార్డులు నాలుగు కొన్న వారానికే ధర ఆరు వేలు పడిపోయింది. సాంసన్ దగ్గర సరుకు కొని పెట్టుకునే డబ్బే లేదు. ఎవరైనా అడిగాకే బస్సెక్కి సికింద్రాబాదు పోయి, ఒక్క కార్డు కొని, డబ్బాను ఒళ్ళో పెట్టుకుని వచ్చేవాడు. అందుకే తగ్గిన ధరకే ఇవ్వగలిగాడు. వాడి పేదరికమే వాడికి కలిసొచ్చింది.

ఇదంతా మధుకు తెలుసు. సికింద్రాబాదు హోల్‌సేల్ అంగట్లో సాంసన్ చేతిలో సీలు విప్పని డబ్బాను కళ్ళారా చూశాడు. ఇద్దరూ బయట చాయ్ కూడా తాగారు. డబ్బులు సాంసనే ఇచ్చాడు.

తిరిగొచ్చిన మర్నాడు నాలుగు వందల మంది ఉన్న గేమర్ల వాట్సాప్ గ్రూపులో మధు ఒక్క ముక్క పెట్టాడు. "అంత తక్కువకెట్ల వస్తున్నయబ్బా? మైనింగ్‌వి కాదు కదా?" చివర ఓ నవ్వు బొమ్మ.

"ఆ పిల్లగాని చేతుల కొత్త డబ్బా చూసిన అంటివి గద?" అని భార్య యమున అప్పుడే నిలదీసింది.

"నేనేమన్న అబద్ధం చెప్పిన్నా? అడిగిన, అంతే."

మూడు రోజుల్లో ఆ ప్రశ్న తోక తెగిపోయి నిజమై కూర్చుంది. రెండు నెలలకు సాంసన్ షట్టరు దించేశాడు. వాడి గిరాకీ అంతా మధు దగ్గరికి వచ్చింది, నమ్మకమైన దుకాణమని వర్ష కూడా గద్వాల నుంచి వెతుక్కుంటూ వచ్చింది.

మర్నాడు పొద్దున్నే మధు గద్వాల బస్సెక్కాడు.

సాంసన్ ఇప్పుడు ఓ ఇరుకు గదిలో రిపేర్లు చేస్తున్నాడు. మధును చూసి ఉలిక్కిపడలేదు. స్టూలు మీది వైర్లు తీసి కూర్చోమన్నాడు.

"ఎందుకట్ల చెప్పినవ్ తమ్మీ?" అన్నాడు మధు. "కార్డు ఇప్పినంక నీకు తెల్వకుంట ఉంటదా?"

"తెల్వకేం అన్నా. లోపల వేడి పీల్చే పట్టీలు కరిగి నూనె కారుతున్నయ్. నిద్రలేకుంట ఉరికిన కార్డది." సాంసన్ తల ఎత్తకుండానే మాట్లాడుతున్నాడు. "ఔనని చెప్తే పొద్దుగూకేవరకు గ్రూపుల ఉంటది. అటెనుక దుకాణం ఎన్ని దినాలు నడుస్తదో నాకు ఎరుకే. నాది రెండు నెలలు నడిచింది."

"ఆ దినం నేను... ఊరికే అడిగిన సాంసన్."

రెండేళ్ళుగా తనకు తాను చెప్పుకున్న మాటే. సాంసన్ ముందు అంటే ఎంత నీచంగా వినబడిందో ఆయనకే తెలిసింది.

సాంసన్ చేతిలో పని పక్కన పెట్టాడు. "నువ్వు అడిగినందుకు నాకు గంత బాధ లేదన్నా. నేను దాని కిందనే బిల్లు ఫొటో పెట్టిన. ఎవరెవరు చూసిండ్రో పేర్లొస్తయ్ గద, నీ పేరే ముందుండె. ఔ, ఆ డబ్బా నేను గూడ చూసిన అని ఒక్క మాట రాస్తవేమోనని పొద్దుందాక ఫోన్ పట్టుకొని కూసున్న."

సాంసన్ బల్ల మీది మరలు ఒక్కొక్కటే ఏరి డబ్బీలో వేశాడు.

"నీ మీద జాలితోని అబద్ధమాడిన అనుకోకు. నా నోటితోని ఇంకో దుకాణం మూతపడొద్దని ఆడిన. కని ఆ కార్డు ఉండదన్నా. వేడి పెట్టి లేపిన, అంతే. నెల దినాలైతే గొప్ప. పోటీ నడుమ ఆగిపోతే ఆ పిల్ల ఏం కావాలె? జర నువ్వే చూస్కో."

చాయ్ తెప్పించాడు. ఈసారి డబ్బులు మధు ఇస్తే వద్దనలేదు.

తిరుగు బస్సులో మధుకు కిటికీ పక్కన సీటు దొరికింది. వర్షకు కొత్త కార్డు ఇచ్చేయొచ్చు. కంపెనీయే మార్చి ఇచ్చిందని చెప్తే సరిపోతుంది. మరో దండం కూడా పెట్టించుకోవచ్చు. సాంసన్ ఎలాగూ నోరు విప్పడు. ఆ ఆలోచన ఎంత సులువుగా వచ్చిందో చూసుకుని మధుకు తన మీద తనకే రోత పుట్టింది.

ఎర్రవల్లి చౌరస్తా దాటాక ఫోన్ తీసి గ్రూపులో పాత మాట వెతికాడు. అక్కడే ఉంది, నవ్వు బొమ్మతో సహా. దానికి నూటికి పైగా బొటనవేళ్ళు. కింద సాంసన్ బిల్లు ఫొటో. దానికి ఒక్కటీ లేదు.

ఆ ఫొటో కింద రాశాడు. "సాంసన్ కార్డులు కొత్తవే. నా కండ్లతోని చూసిన. తెలిసి తెలిసి గట్ల అడిగిన. మైనింగ్ కార్డులు అమ్మింది నేను. ఈ ఎండాకాలంల మూడు అమ్మిన. తెచ్చియ్యండి, కొత్తవిస్త."

నిమిషం గడవకముందే జవాబులు మొదలయ్యాయి.

"మధన్న ఫోన్ ఎవడో కొట్టేసిండు."

"హ్యాక్ అయింది. లింకులొస్తే నొక్కకుండ్రి."

"ఇదంతా ఆ సాంసన్ గాని పనే."

మూడోది మధు రెండుసార్లు చదివాడు. ప్రశ్నకు సాక్ష్యం అడగని జనం నిజానికి అడుగుతున్నారు. పైగా ఆ దెబ్బ కూడా తిరిగి సాంసన్ మీదనే పడుతోంది. రాతను నమ్మకపోతే గొంతునైనా నమ్ముతారేమో. ఫోన్ నోటి దగ్గర పెట్టుకున్నాడు. బస్సు హోరులో వినబడాలంటే అరవక తప్పదు.

"నేను మధునే! ఎవడూ కొట్టేయలే! సాంసన్ తప్పేం లేదు, వాని దుకాణం మూయించింది నేనే! మైనింగ్ కార్డులు కొత్తవని అమ్మింది గూడ నేనే!"

ముందు సీట్లవాళ్ళు తలలు తిప్పి చూశారు. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపాడు. పక్క సీటు పెద్దావిడ సంచి దగ్గరికి లాక్కుంది. అయినా పంపాడు.

బస్సు బీచుపల్లి వంతెన ఎక్కింది. కింద కృష్ణ నిండుగా పారుతోంది. గ్రూపు ఒక్కసారిగా మూగబోయింది. కాసేపటికి వర్ష నుంచి ఒక్క ముక్క వచ్చింది.

"నాది గూడనా అన్నా?"

"నీది గూడ," అని రాశాడు మధు.

ఎవరెవరు చూశారో నొక్కి చూశాడు. వర్ష పేరే ముందుంది. ఆ అమ్మాయి తిట్టినా సరే, ఒక్క మాట రాస్తుందేమోనని పెబ్బేరు దాటి వనపర్తి వచ్చేదాకా ఫోన్ పట్టుకునే కూర్చున్నాడు.