పైరంగు కింది నంబరు

నేను ఒక రేకు పలకను. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు. ట్యాంకరు లారీల వెనక పెద్ద అంకెలతో, పుర్రె బొమ్మతో వేలాడే పలకల్ని మీరు చూసే ఉంటారు. చదివి ఉంటారని మాత్రం నేను నమ్మను. అదే లారీ మీద 'హారన్ కొట్టండి' అని రాస్తే చదవనివాళ్లు ఉండరు. నన్ను ఆసాంతం చదివిన మనిషిని నా బతుకులో ఒక్కణ్ణే చూశాను. అతను కూడా నన్ను నమ్మలేదు. అందుకే ఆ రోజు మనుషులు బతికారు.

నన్ను రాసింది అనకాపల్లిలో పోలారావు అనే పెయింటరు. పెళ్లి బోర్డులు, పార్టీ గోడలు, కిరాణా కొట్ల పేర్లు అన్నీ రాసేవాడు. నా దగ్గరికి వచ్చేసరికి అతని చెయ్యి నెమ్మదించింది. ట్యాంకరు యజమాని తాతబాబును నంబరు రెండుసార్లు అడిగాడు.

"పెళ్లి బోర్డు మీద పేరు తప్పు రాస్తే నవ్వుకుంటారండి. ఇది తప్పు రాస్తే పీనుగులు లేస్తాయి. ఓపాలి కాయితం సూసి సెప్పండి," అన్నాడు.

కాగితం చూసే రాశాడు. సరుకు పేరు అనిలిన్. ఆ సరుకును ప్రపంచమంతా గుర్తుపట్టే నంబరు 1547. పక్కన పుర్రె, కింద ఫోన్ నంబర్లు. అనిలిన్ అంటే రంగుల ఫ్యాక్టరీలకూ మందుల ఫ్యాక్టరీలకూ వెళ్లే ఒక పసుపుపచ్చటి జిడ్డు ద్రవం. చూస్తే నూనె అనుకుంటారు. ఒంటి మీద పడితే చర్మంలోంచే లోపలికి దిగిపోతుంది. అప్పుడు రక్తం ప్రాణవాయువును మోయడం మానేస్తుంది, పెదాలూ గోళ్లూ నీలంగా మారతాయి. బాగా వేడెక్కితే అంటుకుంటుంది, ఆ పొగా విషమే. ఇదంతా ప్రమాదం జరిగితే పరుగెత్తుకొచ్చే మనిషికి ముందే చెప్పడానికి నన్ను పుట్టించారు.

డ్రైవరు గోవిందు చోడవరం వైపు మనిషి. నెమ్మదస్తుడు, ఎవరికీ ఎదురు చెప్పడు. ఆయుధపూజ నాడు బండి కడిగి, నా పుర్రె నుదుటి మీద కూడా కుంకుమ బొట్టు పెట్టేవాడు. మృత్యువుకు బొట్టు పెడితే ముత్తైదువలా చల్లగా చూస్తుందనుకున్నాడేమో, నాకు తెలియదు.

రెండేళ్లు నేను నిజమే చెప్పాను. తర్వాత చెక్‌పోస్టుల్లో కొత్త ప్రశ్న మొదలైంది. ఇలాంటి సరుకు తోలేవాడికి మూడు రోజుల శిక్షణ, దానికో కాగితం ఉండాలి. గోవిందుకు అది లేదు. శిక్షణకు పంపితే బండి మూడు రోజులు నిలబడిపోతుంది. మామూలు నూనె బండినైతే ఆ కాగితం అడగరు. తాతబాబు నన్ను విప్పి మళ్లీ పోలారావు దగ్గరికే తెచ్చాడు. అతను కుంచె కూడా తియ్యలేదు. హైవే పక్క షెడ్డులో ఇంకొకడు ఒప్పుకున్నాడు. నా అంకెల మీద తెల్లరంగు పూసి, పుర్రె కళ్లు కప్పేసి, 'బాయిలర్ ఆయిల్' అని రాసి, కింద ఇంకేదో నంబరు వేశాడు.

ఆనాటి నుంచి నాకు నా మీదే అనుమానం. నాలాంటి పలకలు ఎదురైనప్పుడల్లా వాటి పైరంగు కింద ఏముందో అనుకునేదాన్ని. గోవిందు నావైపు చూడడం తగ్గించాడు. ఆ ఏడు బొట్టు కూడా పెట్టలేదు.

మాఘమాసం, బెల్లం వండే రోజులు. పొద్దున్న పది గంటల వేళ గొల్లవానిపాకల దగ్గర ఒక బస్సు అడ్డంగా తిరిగింది. దాన్ని తప్పించబోయి మా బండి రోడ్డు పక్క కాలవలోకి ఒరిగింది. వెనక వాల్వు చిట్లింది. సన్నగా మొదలైన ధార కాసేపటికి మణికట్టంత లావైంది.

గోవిందు వాల్వు బిగించబోయి ఛాతీ దాకా తడిసిపోయాడు. చేతకాక గట్టెక్కి ఫోన్ చేశాడు. అవతల తాతబాబు గొంతు నాకూ వినిపించింది.

"నోరెత్తకు. బాయిలర్ ఆయిలనే సెప్పు. నేనొస్తన్నాను."

అప్పటికే జనం చేరారు. రోడ్డు మీద ఏది ఒలికినా మనుషులు ముందు డబ్బాలతో వస్తారు, ఆ తర్వాతే ప్రశ్నలతో వస్తారు. ఒకతను నా మీది అక్షరాలు కూడబలుక్కుని, "ఆయిలంటరా" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఊళ్లోంచి బకెట్లు వచ్చాయి. అది నేను పలికిన అబద్ధం. నాకు నోరు ఉండవలసింది అప్పుడే.

అక్కడికి రెండొందల గజాల్లో నూకరత్నం బెల్లం పాక ఉంది. భర్త పోయాక పొయ్యిల పని తనే చూసుకుంటోంది. తడి చెరుకుపిప్పి అంటుకోక పొద్దుటి నుంచీ విసిగిపోయి ఉంది. నూనె దొరికితే మంట రాజుకుంటుందని రెండు డబ్బాలు పట్టుకుని వచ్చి, మోచేతుల దాకా ముంచి నింపుకుంది. గోవిందు ఆమెకు నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉన్నాడు. ఆమె మొహంలోకి చూశాడు. ఆ తర్వాత చేతిలో ఫోన్ వైపు చూసుకున్నాడు.

ఫైరింజను వచ్చింది గానీ దగ్గరికి రాలేదు. గాలి వచ్చే వైపు, దూరంగా ఆగిపోయింది. అందులోంచి దిగినవాడు మజ్జి ఎర్రునాయుడు, లీడింగ్ ఫైర్‌మన్. రిటైరవడానికి రెండేళ్లుంది. మంచినీళ్లయినా గ్లాసు వెలుగుకు ఎత్తి చూడనిదే తాగడని తోటివాళ్లు నవ్వుతారు. బైనాక్యులర్లలో నన్ను అక్షరం అక్షరం చదివాడు. ఒక్క క్షణం గాలి సుడి తిరిగి కంపు అటు కొట్టింది.

"బాయిలర్ ఆయిలంట సార్. నీళ్లు కొట్టి కాలవలోకి తోసేద్దామా?" అన్నాడు పక్కనున్న ఫైర్‌మన్.

"ఆగెహె. ఆయిలైతే ఈ కుళ్లిన సేపల కంపేటి? పలక సెప్పింది ముక్కు ఒప్పుకోవాల గదా."

నా మీదున్న ఫోన్ నంబరుకే ఎర్రునాయుడు ఫోన్ చేశాడు. ప్రమాదం లేని నూనేనని తాతబాబు ప్రమాణం చేశాడు. ఎర్రునాయుడు బైనాక్యులర్లు గోవిందు వైపు తిప్పాడు.

"మరి మీ డ్రైవరు పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయేటండి?"

ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే స్విచ్ఛాఫ్.

ఎర్రునాయుడు ఇక ఎవరినీ అడగలేదు. మైకు తీసుకుని, డబ్బాలు అక్కడే వదిలేసి గాలికి ఎదురుగా నడిచి రమ్మని జనానికి చెప్పాడు. ఒళ్లంతా కప్పే సూటు తొడిగి, వీపున గాలి సిలిండరు, మొహానికి మాస్కు తగిలించుకుని నా దగ్గరికి వచ్చాడు. గొడ్డలి అంచుతో నా మొహం గీకాడు. నొప్పి ఉందేమో నాకు తెలియదు. తెల్లరంగు పెచ్చులుగా లేచి 1547 బయటపడింది.

ఆయన దాన్నీ వెంటనే నమ్మలేదు. కిందది ఎప్పటిదో పాత సరుకు నంబరు కావచ్చు; ఏది అబద్ధమో ఎవరు చెప్పాలి? గట్టెక్కి గోవిందు ముందు నిలబడ్డాడు.

"రెండు నంబర్లున్నాయి. ఏది నిజం?"

గోవిందు తాతబాబు వస్తున్నాడేమోనని రోడ్డు వైపు చూశాడు.

"ఒరే, నీ గోళ్లు సూసుకో."

గోవిందు తన చేతులు చూసుకున్నాడు. "కిందదండి," అన్నాడు.

వైర్‌లెస్‌లో నంబరు చెప్పగానే కంట్రోల్ రూము నుంచి అనిలిన్ అని జవాబు వచ్చింది. మొదట గోవిందు బట్టలు ఊడదీసి, సబ్బుతో, నీళ్లతో తల నుంచి కాళ్ల దాకా కడిగారు. ఆ నీళ్లను కూడా ఒక గొయ్యి తవ్వి అందులోనే నిలబెట్టారు. ఈలోగా సైలెన్సరు వేడికి బండి సొంత డీజిలు అంటుకుంది. మంట ట్యాంకు పొట్ట కిందికి పాకుతోంది. నీళ్ల ధార కొడితే విషం కాలవ వెంట పరుగెడుతుంది. అందుకని మెత్తటి నురగ కప్పుతూ మంటను అణిచారు. కాలవకు అడ్డంగా మట్టి కట్ట వేసినా ధార ఆగలేదు. కాలవ నేరుగా బెల్లం పాక పక్కగా పోతుంది, అక్కడ పొయ్యి భగభగలాడుతోంది.

"పొయ్యి ఆర్పీయమ్మా," అన్నాడు ఎర్రునాయుడు.

నూకరత్నం డబ్బాలు వదల్లేదు. "పొయ్యి మీద పాకం ఉంది బాబూ. ఆర్పితే అంతా గడ్డకట్టి పోద్ది. మేమెల్లిపోతే ఈ ఆయిలు మీరు పట్టుకుపోదామనేటి?"

ఆమె అనుమానం కూడా ఊరికే పుట్టింది కాదు. సర్కారు మనిషి వద్దన్న ప్రతిదీ తర్వాత ఎవరింట్లో తేలిందో ఆ ఊరికి తెలుసు. ఎర్రునాయుడు వాదించలేదు. ఆమెను గోవిందు దగ్గరికి నడిపించాడు. అంబులెన్సు పక్కన దుప్పటి కప్పుకుని వణుకుతున్న మనిషి పెదాలు చూపించాడు. ఆమె డబ్బా పట్టుకున్న తన చేతివేళ్ల వైపు చూసుకుంది. గోళ్ల మొదట్లో నీలం దిగుతోంది.

ఆమె డబ్బాలు దింపింది. చేతులు కడిగించుకుంటూనే పాకలో ఉన్న చెల్లెలికి కేకేసి పొయ్యిలో నీళ్లు పోయించింది. తర్వాత ఎర్రునాయుడి వైపు తిరిగింది.

"ఇక్కడ మట్టి ఎంత కట్టినా నిలవదు. ఆ మలుపు కాడ తూముంది. దాన్ని మూసీండి. అది దాటితే సెరువుకెల్లిపోద్ది."

మ్యాపులో లేని తూము అది. సూట్లు వేసుకున్న నలుగురు ఇసుక బస్తాలతో దాన్ని మూశారు. పచ్చటి జిడ్డు బస్తాల దగ్గరికి వచ్చి, రెండు వేళ్ల ఎత్తు లేచి, ఆగిపోయింది.

అయినా లెక్క తెగలేదు. డబ్బాలు పట్టుకెళ్లినవాళ్లలో కొందరు ఇళ్లల్లో దాచారు. పోలీసులు అడిగితే తమకేమీ తెలియదన్నారు. అంబులెన్సు ఎక్కబోతూ నూకరత్నం ఎవరెవరు ఎన్ని నింపారో పేరుపేరునా చెప్పింది. ఒక్క సూరప్పడు మాత్రం తన ఇంట్లో లేదని ఒట్టేశాడు. వాళ్లావిడే మంచం కింది నుంచి డబ్బా తీయించి, మొగుడివైపు చూడకుండా లోపలికి పోయింది.

ఆసుపత్రిలో ఆ నీలానికి విరుగుడుగా నరంలోకి ఇంకో నీలం మందు ఎక్కించారని తర్వాత విన్నాను. నూకరత్నం రెండు రోజులకు, గోవిందు పన్నెండు రోజులకు ఇంటికి వెళ్లారు. ఎవరూ పోలేదు.

నన్ను మాత్రం ముద్ర వేసి కోర్టుకు పంపారు. తాతబాబు వకీలు, గీకింది ఎర్రునాయుడే గనుక కింది నంబరు కూడా ఆయనే రాయించాడని వాదించాడు. ముప్పై నాలుగేళ్లు అందరినీ అనుమానించిన మనిషి బోనులో నిలబడి తన మీద పడిన అనుమానాన్ని మోశాడు. అప్పుడు గోవిందును పిలిచారు. సరుకేమిటో తనకు తెలియదంటే అతను బయటపడతాడు. అలా చెప్పమనే తాతబాబు మనుషులు అతనికి నేర్పారు.

"ట్యాంకరులో ఏముందో నీకు తెలుసా?" అని జడ్జిగారు అడిగారు.

అతను నావైపు చూశాడు.

"తెలుసునండి."

"మరి జనం డబ్బాలు నింపుతుంటే ఎందుకు చెప్పలేదు?"

"ఉద్యోగం పోద్దని బయమేసిందండి."

తాతబాబుకు రెండేళ్లు, గోవిందుకు ఆరు నెలలు పడింది. తీర్పు రోజున నన్ను గుమాస్తా వరండాలోంచి సామాన్ల గదికి మోసుకెళ్తున్నాడు. పోలీసుల మధ్య గోవిందు, మెట్ల మీద నూకరత్నం ఎదురుపడ్డారు. అతను చేతులు జోడించి ఏదో అనబోయాడు.

"నిజం సెప్పినావు, మంచిదే," అంది ఆమె. "కానీ ఆ రోజు నాను డబ్బా ముంచుతుంటే నా మొకంలోకే సూసినావు గదా బాబూ."

ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది.