ఎక్కడైనా ఒకటే

రెండు వేల పంతొమ్మిది ఏప్రిల్ పంతొమ్మిది, గుడ్ ఫ్రైడే. మాంసం ముట్టని రోజు కనుక పిండి రేకుల్లో బంగాళాదుంప, చీజ్ కూరి ఉడికించిన పిరోగీలు తిన్నాం. పిండి కలిపింది నేను, ఒత్తింది నేను, వెన్నలో ఉల్లిపాయలు వేయించింది నేను. అమ్మ పోయిన ఈ రెండేళ్లూ అంతే. తినడం అయ్యాక నాన్న అక్క, డొలోరెస్ అత్త, సంచిలోంచి రెండు స్వెట్‌షర్టులు తీసి బల్ల మీద పెట్టింది. రెండింటి మీదా మా ఊరి యూనివర్సిటీ పేరే. ఒకటి నా కొలతకి, ఒకటి నాన్న కొలతకి.

"మే ఒకటిన బడికి అందరూ చేరబోయే కాలేజీ చొక్కా వేసుకొస్తారుగా. నీకా తిప్పలు లేకుండా తెచ్చేశాను."

"నేనింకా ఎక్కడా ఖాయం చేసుకోలేదు అత్తా."

"చేసుకోడానికేముందే టెస్సా? నువ్వు చదవాలనుకునే లాకి ముందు ఏ డిగ్రీ అయినా, ఎక్కడైనా ఒకటేనట. మీ బళ్లో సలహాలిచ్చే ఆవిడే చెప్పింది. మార్కులొస్తే చాలు. ఇంటి పట్టున ఉంటే అవే వస్తాయి, మీ నాన్నకీ వేళకింత తిండి దొరుకుతుంది. గుడ్డు ఉడకబెట్టమంటే నీళ్లు మాడబెట్టే మనిషి."

నాన్న నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వినందుకు గిన్నెలు తోముతున్నంతసేపూ నామీద నాకే కోపం వచ్చింది.

ఫ్రిజ్ తలుపు మీద సీటిస్తామని కాలేజీల నుంచి వచ్చిన నాలుగు ఉత్తరాలు: పిట్స్‌బర్గ్, బోస్టన్, చికాగో, మా ఊరు. అన్నిచోట్లా ఉపకారవేతనం ఇస్తామన్నారు. నాలుగూ మంచివే. ఒక్కటైనా చెడ్డదైతే ఎంత బాగుండు అనుకునేదాన్ని. పాలు తీస్తున్నప్పుడల్లా వాటి వరుస మార్చేదాన్ని. అత్త చెప్పింది అబద్ధమైతే కొట్టిపారేయొచ్చు. అది నిజం, అదే ఊపిరాడనివ్వలేదు. ఫిబ్రవరిలో చికాగో వెళ్లినప్పుడు ఒక తరగతిలో వెనక కూర్చున్నాను. జలుబుతో ముక్కు ఎగబీలుస్తూ ఒక అమ్మాయి, అద్దెకున్నవాళ్లని ఖాళీ చేయించకూడదని ఇరవై నిమిషాలు వాదించింది. మా ఇంట్లో నన్నన్నట్టు మధ్యలో ఎవరూ ఆమెని ఉప్పు అందించమనలేదు. అన్నయ్య గ్రెగ్ ఇంజనీరింగుకి అరిజోనా వెళ్తానన్నప్పుడు ఈ అత్తే "మగపిల్లాడు నాలుగు ఊళ్లు చూడాలి" అంది. వాడికి సూట్‌కేసు కొనిచ్చింది. నాకు స్వెట్‌షర్టు.

ఏప్రిల్ ముప్పై సాయంత్రం అత్త మళ్లీ వచ్చింది.

"చొక్కా ఉతికావా? కొత్తది దురద పెడుతుంది."

"ఎక్కడైనా ఒకటే అన్నావు కదా అత్తా?"

"అన్నాను."

"అయితే చికాగో కూడా ఒకటే."

అత్త కాఫీ కప్పు కింద పెట్టింది. "కోర్టులో మాట్లాడినట్టు మాట్లాడకు నాతో."

"అది నేర్చుకోడానికే వెళ్తున్నాను."

"వింటున్నావా లియో? మాట్లాడవేం?"

నాన్న పళ్లెం పక్కకి జరిపాడు. ఆయన 'వెళ్లు' అనాలని ఎదురుచూశాను. అనలేదు. చివరికి నావైపు తిరిగి, "గుడ్డు ఎన్ని నిమిషాలు ఉడకాలమ్మా?" అన్నాడు.

"పది" అన్నాను. నేనుడకబెట్టి పెడతానని నోటిదాకా వచ్చింది, మింగేశాను. అత్త కళ్లముందే కంప్యూటర్ తెరిచి, చికాగోలో చేరుతున్నానని నొక్కాను.

అత్త వెళ్లాక నా గదిలో పడుకున్నాను గానీ నిద్ర రాలేదు. పొయ్యి ఆరిందో లేదో చూడటం, వెనక తలుపు గడియ వేయడం అమ్మ తర్వాత నా పనులే. ఆ రోజు చేయలేదు. కాళ్లు ఊరుకోలేదు, లేచి మెట్ల దాకా వచ్చాను. కింద నాన్న చెప్పుల చప్పుడు. పొయ్యి దగ్గర ఆగింది, తర్వాత వెనక తలుపు దగ్గర. ఆ తలుపుని కాస్త పైకెత్తితే గానీ గడియ పడదు. ఆ సంగతి ఆయనకి నేనెప్పుడూ చెప్పలేదు. ఒకసారి నెట్టాడు, పడలేదు. మళ్లీ నెట్టాడు. నేను మెట్ల కమ్మీ గట్టిగా పట్టుకుని పైనే నిలబడ్డాను.

మూడోసారి తలుపు పైకెత్తి మూశాడు. గడియ పడింది.