గోడవైపు పిలుపు

పెనం కాగిందో లేదో చూడటానికి అకుదో చిటికెడు పిండి చల్లింది. అది చిటపటలాడింది. తెడ్డు చేతిలోకి తీసుకుని, తల గోడవైపు తిప్పి గొంతెత్తి పిలిచింది.

"ఎచెజోనా!"

కొడుకు ఆమె వెనకాలే కూర్చుని సైకిలు ట్యూబుకి అతుకు వేస్తున్నాడు. "ఇక్కడే ఉన్నానమ్మా" అన్నాడు తలెత్తకుండా.

మట్టిగోడ అవతల ఎవరో దగ్గారు. ఒఫొదిలె లేచాడన్నమాట. అకుదో బుట్టలోని పిండిని పెనంలోకి వంచింది.

కర్రపెండలం తురిమి, గోనెసంచిలో కట్టి, బండరాళ్ళ కింద నీరంతా పిండేసి, జల్లించి, వెడల్పాటి ఇనప పెనం మీద వేయించడం ఆమె పని. పొగకి కళ్ళు ఎర్రబడి అలాగే ఉండిపోయాయి. తెడ్డు తిప్పీ తిప్పీ కుడిభుజం ఎడమదానికన్నా ఎత్తుగా నిలిచిపోయింది. ముంజేతుల మీద నిప్పురవ్వల మచ్చలు. ఆమె వేయించిన గరి రవ్వ కరకరలాడుతుందని సంతలో పేరుంది. అంతకుమించి ఆమె గురించి ఎవరూ చెప్పుకునేది ఏమీ లేదు. ఒకప్పుడు చెప్పుకున్నారు.

అప్పుడు ఎచెజోన ఇంకా కడుపులో ఉన్నాడు. భర్త నూనెతాటి గెలలు కోయడానికి చెట్టెక్కితే నడుముకి కట్టుకున్న మోకు తెగింది. శవం ఇంట్లో ఉండగానే భర్త అన్న ఒఫొదిలె బంధువులందరి ఎదుటా నిలబడి, "మోకు దానంతటది తెగదు" అన్నాడు. శవాన్ని కడిగిన నీళ్ళు సొరబుర్ర చిప్పలో పట్టుకొచ్చాడు. "తాగు. నీ తప్పు లేకపోతే బతుకుతావు" అన్నాడు.

ఆమె తాగింది. బతికింది. అయినా ఈమె తప్పు లేదు అన్న ముక్క ఆ రోజూ ఎవరూ అనలేదు, తరవాతా అనలేదు. చిప్పని మాత్రం ఆమె చీరగుడ్డ కింద దాచి తెచ్చుకుంది. పొయ్యి మీది అటకలో పెట్టింది. కొడుకు పుట్టగానే ఎచెజోన అని పేరు పెట్టింది. మరిచిపోకు అని దాని అర్థం. గోడ అవతలి మనిషి రోజూ వినాలని పెట్టింది. విన్నాడు. కానీ ఆ పేరు పలకలేదు. ఊరంతా ఎచెజోన అంటుంటే, ఆదివారం పుట్టాడు కదా అని ఒఫొదిలె ఒక్కడూ సండే అనేవాడు. నలభై ఏళ్ళుగా అలాగే తప్పించుకున్నాడు.

ఈ రోజు మనవడికి పేరు పెడతారు. పేరు చెప్పే హక్కు నాయనమ్మది. పలికి, అర్థం చెప్పి బిడ్డకి వినిపించాల్సింది వంశంలో పెద్దవాడు, ఒఫొ అనే న్యాయదండం ఎవరి చేతిలో ఉంటే వాడు. రెండేళ్ళ నుంచి అది ఒఫొదిలె చేతిలోనే ఉంది.

కోడలు ఎన్కిరు బిడ్డకి నూనె రాస్తూ అరుగు మీద కూర్చుంది. "అత్తమ్మా, ఇంకోసారి ఆలోచించండి. పగ మీది. మోయాల్సింది వీడు."

"పేరేగా. బరువేముంటుంది?"

"మీ అబ్బాయినే అడగండి."

ఎచెజోన ట్యూబు పక్కన పెట్టాడు. "అమ్మా, నన్ను పిలిచేటప్పుడు ఒక్కసారన్నా నావైపు చూశావా?"

అకుదో పెనంలోకి చూసింది. "మాడుతోంది" అంది.

పిండి మాడటం లేదు.

ఎండ వాకిట్లోకి వచ్చేసరికి చుట్టాలు చేరారు. ముసలి తోటికోడలు ఒకామె ముక్కు చీదుకుంటూ, "ఇవాళ కూడా పెనం దించవా తల్లీ? మనవడికి పొగ అని పేరు పెడతావా ఏంటి?" అంది.

"పిండి పిండేశాను. రేపటికి పులిసి కంపుకొడితే నువ్వు తింటావా?"

ఆడవాళ్ళు నవ్వారు. ఆ నవ్వులోనే ఒఫొదిలె వచ్చాడు. ఒకప్పుడు గుమ్మంలో వంగితే తప్ప పట్టని మనిషి. ఇప్పుడు నిటారుగానే లోపలికొచ్చాడు. ఎర్రటోపీ చెవుల మీదికి జారుతోంది. ఒక చేత్తో పీట, ఇంకో చేత్తో గుడ్డలో చుట్టిన ఒఫొ.

"సండే! ఒరేయ్ సండే! ఈ పీట అందుకోరా, నీ పెదనాన్న నడుం విరిగిపోయేలా ఉంది."

ఎచెజోన పీట అందుకుని వేశాడు.

మర్యాదకి ఇచ్చే కోలా కాయ విరిచి అందరికీ పంచారు. బిడ్డని ఒఫొదిలె ఒళ్ళో పెట్టారు. అతను గుడ్డ విప్పి ఒఫొని చేతపట్టాడు.

"చెప్పు మరదలా. ఏం పేరు?"

"ఎజిమొఫొ."

న్యాయదండం నా చేతిలో ఉంది, నేను ఏ పాపం ఎరగను అని చెప్పే పేరు అది. ఎందుకు పెడుతోందో పెద్దవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఒఫొదిలె బోసినోటితో నవ్వాడు. "సండే కొడుకు కదా! మండే అందాం. వరసగా ఉంటుంది."

కుర్రకారు గొల్లుమన్నారు. అకుదో కదల్లేదు. "ఎజిమొఫొ" అంది మళ్ళీ.

"పళ్ళు ఊడిపోయాయి మరదలా. అంత పేరు నా నోట్లో నిలవదు. మా తమ్ముళ్ళెవరో ఒకరు పలుకుతార్లే."

"అలాగే. ఆ కర్ర కూడా వాళ్ళ చేతికే ఇచ్చెయ్యి మరి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఊపిరుండగా దాన్ని ఇంకొకరికి ఇచ్చిన పెద్దమనిషి ఆ వంశంలో లేడు. ఒఫొదిలె చుట్టూ చూశాడు. తమ్ముళ్ళు నేల చూపులు చూస్తున్నారు.

అతను బిడ్డ మీదికి వంగాడు. "ఎజిమొఫొ" అన్నాడు గొణుగుతున్నట్టు.

"బిడ్డకి వినపడలేదు."

"ఎజిమొఫొ."

"అర్థం కూడా చెప్పాలి కదా."

"ఎజిమొఫొ. తన చేతిలో పాపం లేదని వీడి నాయనమ్మ చెప్పుకుంటోంది."

"నేను చెప్పుకోవడం నలభై ఏళ్ళ నుంచీ ఉంది. నువ్వు చెప్పు."

బిడ్డ ఆ కర్ర కొసని పట్టుకుని నోటివైపు లాక్కుంటున్నాడు. "ఆమె చేతిలో పాపం లేదు" అన్నాడు ఒఫొదిలె. ఈసారి వాకిలంతా విన్నది.

అకుదో లోపలికి వెళ్ళి అటకలోంచి చిప్ప తీసింది. కల్లు పోసి తెచ్చింది. పొగకి నల్లబడిన చిప్ప. అంచున ఒక పగులు, దాన్ని నారతో కుట్టిన కుట్టు. ఆ కుట్టు ఒఫొదిలె వేసిందే. చూడగానే అతని నోరు కొద్దిగా తెరుచుకుంది.

ఇచ్చేవాళ్ళు ముందు తాగి చూపించాలి, విషం లేదని. అకుదో రెండు చేతులతో చిప్ప ఎత్తింది. ఆ అంచు పెదాలకి తగిలినప్పుడు కళ్ళు మూసుకోలేదు. గుక్కెడు తాగింది. అక్కడి కోడళ్ళు వంశంలోని మగవాళ్ళందరినీ 'మా ఆయనా' అని పలకరించాలి. అకుదో అతన్ని ఒక్కణ్ణీ ఇన్నేళ్ళూ ఏమీ అనకుండానే గడిపింది.

"మా ఆయనా, తాగు" అంది.

ఒఫొదిలె తాగాడు. గుటక పడటం దగ్గరున్నవాళ్ళకి వినిపించింది. చిప్ప దించి, ఆమెకి మాత్రమే వినపడేలా అడిగాడు. "ఇన్నాళ్ళూ దాచావా?"

"పారెయ్యమని నువ్వు చెప్పలేదుగా."

చిప్పలో సగం మిగిలింది. అతను దాన్ని నేలమీద పెట్టి లేచాడు. "కాసేపు నడుం వాలుస్తాను" అని, ఎవరి సాయమూ వద్దని, గోడ పట్టుకుని నడిచి వెళ్ళాడు. పీట అక్కడే మరిచిపోయాడు.

చుట్టాలు తిని వెళ్ళారు. అకుదో మళ్ళీ పొయ్యి ఎగదోసి మిగిలిన పిండి పెనంలో పోసింది. తెడ్డు తిప్పుతోంది. పొద్దు వాలుతుండగా గోడ అవతల ఒక ఆడగొంతు లేచింది. తరవాత ఇంకొకటి. తోటికోడలు చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది.

"విన్నావా అకుదో? పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడట. రా, మనం ఏడవాలి."

"పిండి పెనం మీద ఉంది. నువ్వు పద."

ఆమె వెళ్ళిపోయింది. ఈ కబురు ఎప్పుడొస్తుందా అని అకుదో ఎన్ని పెనాలు వేయించిందో! వస్తే నవ్వుతాననుకునేది. అటకలోని చిప్పకి కూడా ఆ మాట చెప్పింది. ఇప్పుడు నవ్వు కోసం చూసుకుంది. ఛాతీలో ఎక్కడా అది తగల్లేదు. మాడువాసన వచ్చింది. ఈసారి నిజంగానే మాడింది.

పెనం దించింది. అలవాటుగా తల గోడవైపు తిరిగింది.

"ఎచెజోనా!"

అవతల ఏడుపులే తప్ప ఎవరూ దగ్గలేదు. కొడుకు బిడ్డని ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చాడు. తల్లివైపు చూశాడు.

"ఎవర్నమ్మా?"

వాకిట్లో ఖాళీ పీట పక్కన చిప్ప అలాగే ఉంది. అతను మిగిల్చిన కల్లు నారకుట్టులోంచి బొట్టుబొట్టుగా నేలలోకి దిగుతోంది.