ఏడో గొంతు

మదార్ భాయి పని పోయిన పూట నేను ఆ షెడ్డులోనే ఉన్నాను. ఎవరో చెప్పగా విన్నది కాదు ఇది. మిల్లుల్లో చెమటోడ్చే అన్నలకీ, చదువుకునే తమ్ముళ్ళకీ ఇప్పుడు చెబుతున్నానంటే, చెప్పవలసిన రోజున చెప్పలేదు గనక. వింటుంటే మీకు నా మీద కోపం వస్తుంది. రానివ్వండి. కాని ఆ కోపమంతా నా ఒక్కడి మీదే ఖర్చు చేసెయ్యకండి, ఇంకా చాలా చోట్ల అవసరం పడుతుంది.

ఏలూరులో తమ్మిలేరు ఒడ్డున మా తివాచీల ఫ్యాక్టరీ. పొడుగాటి పెంకుటి షెడ్డు, అందులో ఇరవై మగ్గాలు. యజమానులు తెల్లదొరలు, మద్రాసులో ఉంటారు. వాళ్ళ బదులు ఇక్కడ పెత్తనం చేసేవాడు మేనేజరు సూర్యప్రకాశరావు. ఒక్కో మగ్గం ముందు బల్ల మీద ఆరుగురం వరసగా కూర్చుని ముడులు వేస్తాం. నమూనా కాగితం మా దగ్గర ఉండదు. మగ్గం వెనక ఒకడు కూర్చుని దాన్ని చూసి పైకి చదువుతాడు, ఎరుపు నాలుగు, నీలం రెండు, పసుపు ఒకటి అని. ఆ రంగులు ముడివేసి ఆరుగురం ఒకరి తరువాత ఒకరు 'అయింది' అంటాం. అప్పుడే అతను తరువాతి వరసకి వెళతాడు.

మా తాతల నాటి నుంచీ ఒక కట్టుబాటు ఉంది. చదివిన రంగు తప్పేమోనని అనుమానం వస్తే వాదించనక్కరలేదు. 'అయింది' అనకుండా ఊరుకుంటే చాలు. ఒక్క గొంతు తగ్గినా చదివేవాడు ఆగి కాగితం మళ్ళీ చూడాలి.

మా మగ్గానికి చదివేవాడు మదార్ భాయి. ఇరవై రెండేళ్ళు చదివాడు. ఆయనకొక అలవాటు ఉండేది. మా ఆరుగురి తరువాత తానూ నెమ్మదిగా, కొంచెం సాగదీసి, 'అయింది' అనేవాడు. మిగతా మగ్గాల్లో ఎవరూ అలా అనరు. ఆ ఏడో గొంతు వినపడితే గాని మా వేళ్ళు కదిలేవి కావు.

1938 వేసవిలో నీలం ఉన్ని తక్కువ పడింది. మేనేజరు నమూనా మీద ఒక పువ్వులో నీలం కొట్టేసి తన కలంతో ఎరుపు అని రాశాడు. ఎడమ రేకు దిద్దాడు, కుడి రేకు దిద్దడం మరిచిపోయాడు. ఉన్ని ఉండ కోసం మగ్గం వెనక్కి వెళ్ళినప్పుడు ఆ దిద్దుబాటు నేను కళ్ళారా చూశాను. అది మేనేజరు చేతిరాత గనక మేనేజరు ఆజ్ఞే అనుకుని మదార్ భాయి ఉన్నది ఉన్నట్టు చదివాడు. ఒక రేకు ఎర్రగా, ఒక రేకు నీలంగా వస్తోందని బల్ల మీద ఉన్న ఆరుగురికీ కనబడుతూనే ఉంది. అయినా అందరం 'అయింది' అన్నాం. ఏ మగ్గం ఆగితే ఆ మగ్గం వాళ్ళని గేటు బయటికి పంపుతానని ఆ వారమే మేనేజరు షెడ్డులోకి వచ్చి చెప్పి వెళ్ళాడు మరి.

మద్రాసు నుంచి దొర వచ్చి బెత్తంతో ఆ పువ్వుని పొడిచి ఏదో అన్నాడు. మేనేజరు ముఖం పాలిపోయింది. గబగబా మగ్గం వెనక్కి వెళ్ళి మదార్ భాయిని మెడ పట్టుకుని ముందుకు లాక్కొచ్చాడు. యాభై దాటిన మనిషి. తలపాగా ఊడి ఉన్ని పోగుల్లో పడింది. వీడికి కళ్ళు పోయాయి సార్, అన్నాడు మేనేజరు. మదార్ భాయి మా వైపు చూశాడు. నేను పడుగు దారాలు చూస్తూ కూర్చున్నాను.

మూడో రోజున విచారణ అన్నారు. విచారించేది ఎవరు? మేనేజరే. నేరం మోపింది ఎవరు? ఆయనే. సాక్ష్యం చెప్పగల నమూనా కాగితం ఆయన మోచేతి కింద బోర్లా పడి ఉంది. మదార్ భాయి అడిగింది ఒకటే, ఆ కాగితం తిప్పి చూడమని. తాను చూశానన్నాడు మేనేజరు. తరువాత నన్ను పిలిచి, అందులో ఏముందో నీకేమైనా తెలుసా అని అడిగాడు. ఇంట్లో నా మీద ఆధారపడ్డ ముఖాలన్నీ కళ్ళ ముందు కదిలాయి. తెలియదండీ, అన్నాను.

అజాగ్రత్తతో కంపెనీ పరువు తీసినందుకు పని నుంచి తీసివేత. అదీ తీర్పు. ఉన్ని వడికే చోట పనిచేస్తున్న ఆయన భార్య హలీమాని కూడా ఆ పూటే పొమ్మన్నారు.

"ఈ తీర్పు న్యాయం కాదనిపిస్తే ఎవరితో చెప్పుకోవాలండీ?" అని అడిగాడు మదార్ భాయి. చాలా మర్యాదగా అడిగాడు.

మేనేజరు గోడకి వేలాడుతున్న రూల్సు అట్ట చూపించాడు. "ఫిర్యాదులు మేనేజరుకి ఇచ్చుకోవాలని రాసి లేదూ? నాతోనే చెప్పుకో."

మదార్ భాయి మద్రాసుకే అర్జీ పంపాడు. మూడు వారాలకి కబురొస్తే ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చాడు. నేను వరండాలో ఉన్ని మూటలు దించుతున్నాను, అంతా చూశాను. మద్రాసు వెళ్ళిన అర్జీ తిరిగి మేనేజరు బల్ల మీదకే వచ్చింది. దాని నెత్తిన దొరవారి వాక్యం ఒకటి. మేనేజరు విచారించి తగిన నిర్ణయం తీసుకోవలెను. సూర్యప్రకాశరావు కళ్ళజోడు పెట్టుకుని, తన మీద రాసిన ఫిర్యాదుని తానే మొదటి నుంచి చివరి దాకా చదివాడు. ఇందులో పస లేదని తానే తేల్చాడు. మీకు నవ్వొస్తోందా? వరండాలో మాకూ వచ్చింది. మదార్ భాయి బయటికి వచ్చినప్పుడు ఆయన ముఖం చూశాక ఆ నవ్వు ఏమైందో తెలియదు.

ఆ తరువాత పది రోజులు ఆయన పొద్దున్నే వచ్చి గేటు బయట నిలబడేవాడు. మేం తల దించుకుని పక్క నుంచే లోపలికి పోయేవాళ్ళం. ఒక రోజు నన్ను ఆపి, "అమీరూ, ఆ కాగితం ఇంకా ఉందా?" అని అడిగాడు. ఉందన్నాను. ఇంకేమీ అనలేదు. నువ్వు చూశావు కదరా అని తిట్టి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

ఏలూరులో ఏ ఫ్యాక్టరీ ఆయన్ని తీసుకోలేదు. అజాగ్రత్త అన్న మాట ఆయనకంటే ముందే అన్ని గేట్లకీ చేరింది. మొగుడూ పెళ్ళాం ఆకివీడు వెళ్ళి స్టేషనులో చేపల బుట్టలు మోశారు. అక్కడి నుంచి కొల్లేటికోట పోయి కొల్లేట్లో తుంగ కోశారు. ఇన్నేళ్ళూ మగ్గం వెనక నీడపట్టున కూర్చున్న మనిషి, పొద్దస్తమానం మొలలోతు నీళ్ళలో నిలబడితే చలిజ్వరం ఊరుకుంటుందా? వానలు ముదిరాక ఒక ఉదయం ఆయన్ని దోనెలో పడుకోబెట్టి తీసుకొచ్చారు. ముఖం మీద గుడ్డ కప్పి ఉంది.

మట్టిలో పెట్టి వచ్చిన మర్నాడు, అప్పటిదాకా రోజుకొకరు చదువుతున్న మా మగ్గం వెనక, మా షెడ్డువాడే ముస్తాక్‌ని ఖాయంగా కూర్చోబెట్టారు. ఇష్టం లేకుండానే కూర్చున్నాడు పాపం. మొదటి వరస చదివాడు. ఆరుగురం 'అయింది' అన్నాం. ఆ వెనకే నెమ్మదిగా, కొంచెం సాగదీసి, ఇంకో గొంతు 'అయింది' అంది.

నా చేతిలో ఉన్ని పోగులు తెంపే కత్తి జారి బల్ల మీద పడింది. ఎవరం ఎవరి ముఖమూ చూడలేదు. మళ్ళీ వరస, మళ్ళీ ఆరు గొంతులు, మళ్ళీ ఏడోది. పెంకుల సందుల్లోంచి ఎండ పడుతున్న పట్టపగలు అది. మూఢనమ్మకం అంటారా? అనండి. కార్మిక సంఘంలో చేరాక నేనూ అలాంటివి నమ్మకూడదనే నేర్చుకున్నాను. కాని విన్నది విన్నాననే చెబుతాను, ఇంకోసారి అబద్ధం ఆడలేను. మేనేజరుకీ వినబడిందని నా అనుమానం, మా మగ్గం దగ్గరికి రావడం మానేశాడు.

తాడేపల్లిగూడెం బియ్యం మిల్లులో కూలీల్ని కూడగట్టినందుకు పని పోగొట్టుకున్న జగ్గారావు ఆ నెలలోనే ఏలూరు వచ్చాడు. శుక్రవారం సెలవు పూట తమ్మిలేరు ఇసుకలో మమ్మల్ని సమావేశపరిచాడు. నూట ఇరవై మందిమి పైగా వచ్చాం. పోయిన మనిషికి పని ఇప్పించలేం, ఆయన భార్యకి ఏదైనా సాయం అడుగుదామని ముసలివాళ్ళు అన్నారు. పని మానేస్తే వేరే ఊరి వాళ్ళని తెచ్చి కూర్చోబెడతారని ముస్తాక్ అన్నాడు. సాయం అడిగితే అది ముష్టి అని ఒకరు, కడుపు నిండినవాడి మాట అని ఇంకొకరు అరుచుకున్నారు. జగ్గారావు అందరినీ అరవనిచ్చి, తరువాత లేచాడు.

"శిక్ష వేసిన చెయ్యే ఆ శిక్షని మళ్ళీ చూస్తానంటే, అది చూడటం కాదండీ. మనవాడు ఒకడు, కంపెనీవాడు ఒకడు, ఇద్దరికీ చెందని పైమనిషి ఒకడు. ఏ కార్మికుడికి శిక్ష వేసినా ఆ ముగ్గురూ కాగితాలు తెరిచి చూడాలి. అడగవలసింది అదొక్కటే."

అప్పటిదాకా చివర కూర్చుని ఉన్న హలీమా భాబీ లేచింది. సాయం గురించి మాట్లాడిన వాళ్ళ వైపు తిరిగింది.

"నాకేమీ వద్దండీ. ఆ కాగితం మేనేజరు కాకుండా ఇంకొకరు చూడాలి. మా ఆయన అజాగ్రత్త మనిషి అన్న మాట కొట్టెయ్యాలి. నాకది చాలు."

ఆ తరువాత ఆమె కొల్లేటికోటలో ఏం జరిగిందో చెప్పింది. జ్వరంలో ఆయన రంగులు చదువుతూనే ఉండేవాడట. వరస చదివి ఆగేవాడట. ఆమె 'అయింది' అంటే గాని ముందుకి పోయేవాడు కాదట. రోజంతా నీళ్ళలో తుంగ కోసి వచ్చి ఆమె అలాగే కూర్చుని అంటూ ఉండేదట. ఆఖరి పూట ఆయన ఆ పువ్వు వరస చదివాడు. ఎన్నిసార్లో విన్నది గనక తప్పు ఆ వరసలోనే ఉందని ఆమెకీ తెలుసు. అప్పుడు మాత్రం 'అయింది' అనలేదు. ఆయన చాలాసేపు ఎదురుచూసి, అలాగే ఆగిపోయాడు.

 నేను ఇంక దాచలేకపోయాను. లేచి నిలబడి, ఆ దిద్దుబాటు నేను చూశానని, విచారణలో అబద్ధం ఆడానని అందరి ముందూ చెప్పేశాను. కొడతారనుకున్నాను. ఎవరూ కొట్టలేదు. నా బల్ల మీద ఉండే మిగతా అయిదుగురూ ఒక్కొక్కరే తలలు దించుకున్నారు, వాళ్ళూ ఆ పూట 'అయింది' అన్నవాళ్ళే గదా.

"ఇన్నాళ్ళూ ఎక్కడ పెట్టుకున్నావు అమీరూ ఈ మాట?" అంది భాబీ. "ఇక్కడ చెబితే ఏం లాభం? ఫ్యాక్టరీలో చెప్పు."

ఆమె నన్ను క్షమించలేదు. ఇప్పటికీ క్షమించలేదు. నేనూ అడగలేదు.

మర్నాడు ఉదయం ఇరవై మగ్గాల ముందూ ఎవరి చోట్లో వాళ్ళం కూర్చున్నాం. ముస్తాక్ మొదటి వరస చదివాడు. ముడులు వేశాం. ఎవరం నోరు విప్పలేదు. ముస్తాక్ ఆగాడు. పక్క మగ్గంలో చదివేవాడు ఆగాడు. ఆ పక్కదీ, ఆ పక్కదీ. కాసేపటికి షెడ్డు మొత్తంలో ఒక్క గొంతు లేదు. తమ్మిలేరు అవతల ఎవరో బట్టలుతుకుతున్న చప్పుడు వినబడింది.

మేనేజరు పరుగెత్తుకొచ్చి, సమ్మె చేస్తున్నారా అని అడిగాడు.

నేను లేచాను.  "సమ్మె కాదండీ. అనుమానం వచ్చిందండీ. కట్టుబాటు ప్రకారం కాగితం మళ్ళీ చూడాలి."

"ఏ కాగితం?"

"మదార్ భాయి చదివినదండీ. దాని మీద ఎరుపు అని రాసింది మీ చెయ్యి. నేను చూశాను. ఆ రోజు తెలియదన్నది అబద్ధమండీ."

 సరే, తీరిక చూసుకుని నేను పరిశీలిస్తాలే, పని చెయ్యండి అన్నాడు.

"మీరు తప్ప ఇంకెవరైనా చూడాలండీ," అన్నాను.

మధ్యాహ్నానికి పోలీసులు వచ్చారు. గేటు దగ్గర జగ్గారావుని పట్టుకుని, లోపలికి వచ్చి నన్ను పట్టుకున్నారు. ఇద్దరిని తీసుకుపోతే మిగతావాళ్ళు దారికొస్తారనుకున్నాడు మేనేజరు. పోలీసుల ముందే ముస్తాక్‌ని చదవమన్నాడు. ముస్తాక్ చదివాడు, కాగితం చూడకుండా ఆ పువ్వు వరసే చదివాడు. బల్ల మీద అయిదుగురు ఉన్నారు. ఒక్కరూ 'అయింది' అనలేదు. లాఠీ చూపించి మళ్ళీ చదివించారు. అనలేదు. గేటు కమ్ముల అవతల హలీమా భాబీ నిలబడి చూస్తోంది.

నా చేతులకి బేడీలు వేస్తుంటే నేను మగ్గం వెనక్కే చెవి పెట్టి ఉన్నాను. రోజూ వినబడే ఆ సాగదీసిన గొంతు కోసం ఆగాను. పోలీసు వెనక నుంచి నెట్టాడు, అయినా ఆగాను.

ఆ ఏడో గొంతు కూడా ఆ రోజు 'అయింది' అనలేదు.