గేటు ఇవతల వదిలిన ఆకుకట్ట

థాయ్‌లాండ్ సరిహద్దు గేటు కనిపించగానే ఖ్లాయ్ చేతిలోని పళ్లెం చూసుకుని టక్కున ఆగిపోయాడు. కొడుకు తవీకి పిల్లనడగడానికి మలేషియా వైపు కెడాకి వెళ్తూ, పళ్లెంలో తమలపాకుల పక్కనే నమిలితే హుషారిచ్చే క్రతోమ్ ఆకులు ఓ కట్ట పెట్టుకొచ్చాడు! ఏ శుభకార్యానికైనా ముందు ఆకు పెట్టి పలకరించడం వాళ్ల ఊరి మర్యాద. చేతులు వాటంతటవే సర్దేశాయి.

"బుద్ధుందా నీకు? అవతల ఆ ఆకుతో దొరికితే పిల్లనివ్వడం మాట దేవుడెరుగు, నిన్ను లోపలేస్తారు" అంది భార్య సమ్రువై.

"మన సంతలో తోటకూరలా అమ్ముతున్నారు కదే!"

"ఆ మాట అక్కడి పోలీసులకు చెప్పు, మెచ్చి దండేస్తారు."

ఇవతల చట్టం ఆ ఆకును వదిలేసి కొన్నేళ్లయింది. అవతల అదే చెట్టు, అదే ఆకు, నేరం. ఇదెక్కడి న్యాయమని గొణుక్కుంటూ ఖ్లాయ్ కట్టను గేటు ఇవతలి కాఫీకొట్టు ఆవిడకు అప్పగించాడు. అసలు చిక్కు వేరే ఉంది. ముప్పై ఏళ్లుగా రబ్బరు పాలు తీస్తున్న ఖ్లాయ్, పొద్దున్నే ఈనె తీసిన ఆకులు ఉప్పురాయితో నమిలితే గాని నోరు పెగలని మనిషి. ఇవాళ హడావుడిలో అదీ కాలేదు.

పిల్ల తండ్రి పిన్‌ది తరతరాలుగా కెడాలో స్థిరపడిన థాయ్ కుటుంబం. ఒక్కగానొక్క కూతురి పేరు మాలి. ఆమెను సరిహద్దు దాటించడం ఆయనకు సుతరామూ ఇష్టం లేదు. రెండేళ్లు బతిమాలించుకుని, ఈ ఒక్కసారికి రమ్మన్నాడు. ఇవాళ కాదంటే ఇక లేనట్టే.

"మీ అబ్బాయి గురించి చెప్పండి" అన్నాడు పిన్, భార్యాభర్తలనూ తవీనీ తన ఇంట్లో కూర్చోబెట్టి.

ఖ్లాయ్ నోరు తెరిచాడు. ఆవలింత వచ్చింది. మళ్లీ తెరిచాడు, మళ్లీ ఆవలింత. మూడోదానికి కళ్లూ ముక్కూ ఏకమయ్యాయి. తవీ మొహం మాడిపోయింది.

"మా పిల్ల ఊసంటే అంత నిద్రొస్తోందా మీకు?" పిన్ లేచి నిలబడ్డాడు.

"అయ్యో, కాదు బావగారూ! మావాడు బంగారం, నేనే వెధవని. పొద్దుట్నుంచీ ఆకు పడలేదు. గేటు దగ్గర వదిలేసొచ్చాను."

సమ్రువై నెత్తి కొట్టుకుంది. పిన్ ఖ్లాయ్‌ని పెరట్లోకి తీసుకెళ్లి ఒక మొద్దు చూపించాడు.

"మా నాన్న నాటిన క్రతోమ్. పట్టుకుంటారని నేనే కొట్టేశాను. ఆ పూట అన్నం సయించలేదు నాకు." ఖ్లాయ్ వైపు తిరిగాడు. "ఎక్కడ వదిలారన్నారు?"

"కాఫీకొట్లో."

"పదండి. మిగతా మాటలు అక్కడే."

మధ్యాహ్నానికి రెండు కుటుంబాలూ గేటు ఇవతల, కాఫీకొట్టు బల్ల చుట్టూ చేరాయి. పిన్ ఎన్నేళ్లకో ఆకు ఈనె తీశాడు. చేతులు మర్చిపోలేదు. ఖ్లాయ్‌కి నోరు పెగలడమేమిటి, కొడుకు గుణగణాలు ఏకరువు పెడుతుంటే ఆపడానికి సమ్రువై కాలు తొక్కాల్సి వచ్చింది.

"సరే, పిల్లనిస్తాను. ఒక్క షరతు" అన్నాడు పిన్. "మీ పెరట్లో నా పేరున ఒక మొక్క నాటండి. మాలి నీళ్లు పోస్తుంది. వారానికోసారి వచ్చి చూసుకుంటాను."

"మొక్కనా, పిల్లనా?" అంది సమ్రువై.

పిన్ కళ్లు తుడుచుకున్నాడు. "పిల్లనేనమ్మా. ఊరికే వస్తే నవ్వుతారు కదా, ఆకు వంకన వస్తాను."

ఖ్లాయ్ ఇంకో ఆకు ఈనె తీసి ఆయన చేతిలో పెట్టాడు. "వారానికోసారి సరిపోదు బావగారూ. ఆకు రోజూ వేసుకోవాలి."