సలోమి తీసిన ఫొటో

నేను ఒక సెల్‌ఫోన్‌ని. ఏ ఫ్యాక్టరీలో ఎవరి చేతులు నన్ను బిగించాయో గుర్తులేదు. నన్ను మొదట కొనుక్కున్న అమ్మాయికి కొత్త మోడల్ రాగానే నా మీద మోజు తీరింది. కొత్తది చేతికొచ్చాక పాతదాన్ని దానం చేయాలని మనుషులకు భలే బుద్ధి పుడుతుంది. అలా ఆమె మేనత్త సలోమికి చేరాను.

సలోమి ఒంగోలులో నర్సుగా చేసి రిటైరైంది. ఒంటి మనిషి. బడిలో తనతో చదివిన పానకాలరావు ఒకరోజు ఆమెను ‘మన పదో తరగతి’ అనే వాట్సాప్ గ్రూపులో చేర్చాడు. ఆ నెరిసిన తలల్లో చిన్ననాటి ముఖాలను వెతుక్కుంటూ సలోమి నన్ను కళ్ళకు దగ్గరగా పెట్టుకునేది. ప్రాణస్నేహితురాలు విశాలాక్షి ఫోన్ చేసిన రోజైతే ఇద్దరూ ఏడ్చారు, నవ్వారు. నా ఒళ్ళు వేడెక్కిపోయింది.

ఒకనాడు గ్రూపులో ఎవరో బడి వరండాలోని మంచినీళ్ళ కుండను తలచుకున్నారు. ఆ చల్లదనం ఏ ఫ్రిజ్జుకొస్తుందని అందరూ మురిసిపోయారు. సలోమి వాయిస్ మెసేజ్ పెట్టడానికి నన్ను నోటి దగ్గర పెట్టుకుంది.

“ఆ కుండ నేనెప్పుడూ ముట్టుకోలా. మా పేటోళ్ళని ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదు గదా! నేను దోసిలి పడితే విశాలాక్షి పైనుంచి పోసేది. ఆ నీళ్ళూ చల్లగానే ఉండేయి.”

కోపంగా అనలేదు. అందరితోపాటు తన జ్ఞాపకమూ చెప్పిందంతే. కాసేపటికి పానకాలరావు ఫోన్ చేశాడు.

“సలోమీ, సంతోషంగా ఉన్నచోట కులాల గొడవెందుకమ్మా? అది తీసెయ్యి.”

“గొడవేం చేశాను పానకాలూ? నీళ్ళు తాగిన సంగతే గదా చెప్పింది!”

తీసెయ్యలేదు. విశాలాక్షి నుంచి మెసేజ్ వచ్చింది: ‘ప్రేమగా పోశాను గదే. నలుగురిలో నా పేరెందుకు ఎత్తావు?’ సలోమి వేలు నా అద్దం మీద ఏదో రాసింది, చెరిపింది, మళ్ళీ రాసింది. చివరికి ‘కలిసినప్పుడు మాట్లాడుకుందాం’ అని పంపింది.

పాత బడిలోనే అందరూ కలిశారు. గంజిపెట్టిన నేత చీర కట్టుకుని సలోమి వెళ్ళింది. పలకరింపులకేం లోటు లేదు. తనిఖీకొచ్చిన అధికారిని పలకరించినట్టు పలకరించారు. విశాలాక్షి పక్క కుర్చీలో ఆమె హ్యాండ్‌బ్యాగు ఉంది. సలోమిని చూసినా దాన్ని తీయలేదు.

ఫొటోకి వరసలు కట్టారు. “నువ్వు తియ్యమ్మా సలోమీ. నర్సువి, నీ చెయ్యి వణకదు!” అన్నాడు పానకాలరావు. అందరూ నవ్వారు.

ఆమె నన్ను ఎత్తి పట్టుకుంది. నిజంగానే చెయ్యి వణకలేదు. తీశాక కూడా నన్ను దించకుండా నిలబడింది, ‘ఇప్పుడు నువ్వు రా’ అని ఎవరైనా అంటారేమోనని. వాళ్ళు భోజనాలకు కదిలారు.

ఆమె పంపిన ఆ ఫొటోనే పానకాలరావు ఫేస్‌బుక్‌లో పెట్టాడు: ‘ఏ తేడాలూ ఎరగని మా బ్యాచ్. అందరం కలిశాం.’ సలోమి గ్రూపులోంచి బయటికొచ్చేసింది. ఎందుకని ఎవరూ అడగలేదు. తర్వాతెప్పుడో విశాలాక్షి ఫోన్ చేసింది. ఆ పేరు నా మీద వెలిగి ఆరిపోయేదాకా సలోమి చూస్తూ కూర్చుంది గానీ ఎత్తలేదు.

ఇప్పుడు నేను బ్యాటరీ ఉబ్బి, ఓ రిపేరు కొట్టు సొరుగులో ఉన్నాను. నాలో ఉన్నవన్నీ తుడిచేశారు. ఆ ఫొటోకి మాత్రం ఏమీ కాలేదు. వాళ్ళందరి దగ్గరా భద్రంగా ఉంది, సలోమి లేకుండా.